బర్రె చూపించిన గ్రహణం

1868 ఆగస్టులో సంపూర్ణ సూర్యగ్రహణం కోసం గుంటూరు దాకా వచ్చిన జాన్సెన్ అనే ఫ్రెంచి దొర, సూర్యుడి అంచున ఎగిసే మంటలను గ్రహణం లేనప్పుడు కూడా చూసే కిటుకు కనిపెట్టాడు. మా నాయనమ్మ అంతకన్నా ఘనురాలు. గ్రహణం నెత్తిమీదికి వచ్చినా చూడకుండా ఉండే కిటుకు కనిపెట్టింది: తలుపుకు గొళ్లెం.

1980 ఫిబ్రవరి 16, శనివారం. చంద్రుడి నీడ పాలమూరు, నల్లగొండల మీదుగా పోయింది. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపు పెట్టుకుని కూర్చున్నారు. రామన్నపేటలో మేం మామిడికాయ తొక్కుకు కాపలా కూర్చున్నాం. జాడీ మీద గరిక, నీళ్లకుండ మీద గరిక, చివరికి ఉప్పు డబ్బా మీదా గరికే. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది నాయనమ్మ. అది నిలబడింది. చదునైన అడుగున్న రోకలి ఏ మంగళవారమైనా నిలబడుతుంది గానీ, మంగళవారం నాడు దాన్ని నిలబడమని అడిగేదెవరు?

"బయట అడుగువెట్టినవో, కాళ్లు ఇరగ్గొడ్త!"

మూడూ ముప్పావు ప్రాంతంలో వెలుగు పలచబడింది. కోళ్లు గంప కిందికి దూరాయి. అంతలో పొద్దుగూకిందనుకుని మా బర్రె మేత మధ్యలో వదిలేసి వాకిట్లోకొచ్చి అరవడం మొదలుపెట్టింది. శాస్త్రం ఒకవైపు, పాలిచ్చే బర్రె ఒకవైపు. నాయనమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"ఉరికి కట్టేసి రాపో. పైకి మాత్రం సూడకు!"

పలుపు ముడి వేయడానికి ఎంతసేపు పట్టాలో ఆ రోజు నేనే నిర్ణయించుకున్నాను. సూర్యుడున్న చోట నల్లటి బిళ్ల, దాని చుట్టూ తెల్లటి కుచ్చులు. నడినెత్తిన పట్టపగలు ఒక చుక్క. శుక్రుడని తర్వాతెప్పుడో తెలిసింది. ఊరి చుట్టూ నలుదిక్కులా ఒకేసారి సంధ్య. ఎక్కడో కుక్క మొరగబోయి, ఎందుకో మానుకుంది. రెండు నిమిషాలు. బిళ్ల అంచున వజ్రంలా ఒక్క మెరుపు మెరిసింది, నేను తల దించేశాను.

విడుపు అయ్యాక నన్నూ, గడపనూ, బర్రెనూ కడిగించింది నాయనమ్మ. అసలు చిక్కు అప్పుడొచ్చింది. గ్రహణం పట్టి ఉండగానే బర్రె చేపుకొచ్చింది, పొదుగు నిండా పాలు. పారబోయాలా?

"గరిక ఏశి కాగవెట్టు," అంది. "అన్నిటికీ ఉంటది ఉపాయం."