హద్దురాయి బావగారు

మీ చుట్టాల్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ దాటిపోతున్నా ఫోను ఆకాశం కేసి ఎత్తి, "ఆగండి, ఆగండి, ఇంకా పట్టలేదు" అనే మనిషి. పట్టనిది సుముహూర్తం కాదు, జీపీఎస్. మా ఇంట్లో ఆ బాధ్యతను మా పెద్దబావగారు ఎవరూ అడక్కుండానే తలకెత్తుకున్నారు. ఆయన మండల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గోదావరి జిల్లాల్లో గొలుసు లాగించి హద్దురాళ్లు పాతించారు. రిటైరయ్యాక పాతించడానికి రాళ్లు లేక ఫొటోల మీద పడ్డారు.

మనం ఫొటోలో మనుషుల్ని చూస్తాం. ఆయన చోటును చూస్తారు. సీమంతం ఫొటో చేతికిస్తే "పిల్ల ఎంత కళగా ఉందో" అనరు. "ఇది హాలా, వసారానా?" అంటారు. పెళ్లి గ్రూపు ఫొటోలకైతే దస్తావేజు రాసినట్టు నాలుగు హద్దులూ రాసి పెట్టుకుంటారు. తూర్పు: పెళ్లికొడుకు మేనమామ. పడమర: సాంబారు గుండిగ. ఉత్తరం: షామియానా గుంజ. దక్షిణం: ఖాళీ కుర్చీలు, అలిగిన వియ్యపురాలు.

బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పసిపిల్లాడి ఫొటో పెడితే అందరూ ముద్దులూ దీవెనలూ కురిపిస్తారు. వాటి మధ్య బావగారి సమాధానం ఒకటి పడుతుంది: "లొకేషన్ రాలేదు. దయచేసి డాక్యుమెంటుగా పంపగలరు." వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే లోపలున్న చోటు వివరం రాలిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. ఈ శాస్త్రం ఎనభై దాటిన మా పెద్దమ్మకు కూడా ఒంటబట్టింది. ఓ సంక్రాంతికి ఆవిడ గొబ్బెమ్మల ఫొటోను డాక్యుమెంటుగా పంపింది. బావగారికి కళ్లు చెమర్చినంత పనయింది. ఇదే నియమాన్ని బుద్ధిగా పాటించిన మా చిన్నబావ మాత్రం మునిగిపోయాడు. ఆఫీసు పని మీద విశాఖలో ఉన్నానని చిన్నక్కకు చెప్పి, పొగమంచులో టీ తాగుతున్న ఫొటో పంపాడు. పెద్దబావగారు గ్రూపులో వెంటనే, "లొకేషన్ చక్కగా వచ్చింది, లంబసింగి" అని మెచ్చుకున్నారు. ఆయనకు చాడీలు చెప్పే అలవాటు లేదు. చోటు చెప్పే అలవాటు ఉంది.

పాత ఆల్బమ్‌లు స్కాన్ చేయడం మొదలుపెట్టాక ముసలివాళ్లకు కునుకు కరువైంది. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చేసరికి ఫోను. "అత్తయ్యగారూ, మీ పెళ్లినాడు పందిరి నూతి పక్కన వేశారా, వేపచెట్టు పక్కనా?" ఏ పక్కనైతే ఏం బాబూ అంటే ఊరుకోరు. అక్షాంశంలో దశాంశ బిందువు తరవాత ఐదో అంకె మారితే చోటు ఒక మీటరు జరుగుతుందట. మీటరు జరిగితే పందిరి పక్కింటివాళ్ల దొడ్లో పడుతుందట.

ఇంతా చేసి మ్యాపు మీద పెట్టిన చుక్కలు నిలిచేదెలా అన్నదే ఆయన జీవన సమస్య. ఆయన సిద్ధాంతం వినాలంటే భోజనానికి కూర్చోవాలి, లేవడం మన చేతిలో ఉండదు. ఫొటో ఫైల్లో ఎగ్జిఫ్ అని ఒక అర ఉంటుంది. 1995లో జపాన్‌వాళ్లు పెట్టిన పద్ధతి. తీసిన తేదీ, కెమెరా పేరు, అక్షాంశం, రేఖాంశం అందులో ఉంటాయి. ఫోనుతో తీస్తే ఫోనే రాసుకుంటుంది. "అది పొలంలో పాతిన రాయి" అంటారు, పప్పులో నెయ్యి వేసుకుంటూ. కానీ పాత కెమెరా ఫొటోకో, తాతగారి స్కానుకో మనం తీరిగ్గా మ్యాపు మీద చుక్క పెడతామే, దాన్ని చాలా సాఫ్ట్‌వేర్లు ఫొటోలో రాయవు. తమ సొంత చిట్టాలో రాసుకుంటాయి. "అది కరణం పుస్తకంలో రాత. 1984లో రామారావుగారు కరణాల్ని తీసేశారు. పుస్తకాలు అప్పగించండయ్యా అంటే ఎంతమంది మొహం చాటేశారో నన్నడుగు." మేం అడగం. ఆయన చెబుతారు.

అందుకే సాఫ్ట్‌వేరు మారడమంటే ఆయనకు కరణం మారడమే. మొదట పికాసా ఉండేది. 2016లో గూగుల్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించిన రోజు మా అక్క చేసిన పులిహోర ముట్టలేదు. ఆ తరవాత కొడుకు ఆపిల్ కంప్యూటరు కొనిచ్చాడు. అందులో మనం తరవాత పెట్టిన చోటు కావాలంటే, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ అన్న గడిలో టిక్కు పెట్టాలి. మార్పుల్లేని ఒరిజినలే కావాలని తీసుకున్నామో, ఫైలు శుభ్రంగానే వస్తుంది, మన చుక్క మాత్రం వెనకే ఉండిపోతుంది. గూగుల్ ఫొటోస్ నుంచి టేకవుట్‌లో తెచ్చుకుంటే మనం సరిదిద్దిన చోటు ఫొటోలో ఉండదు, పక్కనే జేసన్ అనే చీటీలో వస్తుంది. చీటీనీ ఫొటోనూ కలిపే పూచీ మనది. లైట్‌రూమ్‌లోనైతే, మెటాడేటాను ఫైల్లోకి రాయమని చెప్పేదాకా సంగతంతా దాని క్యాటలాగులోనే. పెరుగన్నం దాకా వచ్చేసరికి నాకూ నోటికి వచ్చేసింది. అదే నా బాధ.

ఇన్ని తెలిసినాయన ఒకసారి పక్క ఫ్లాట్ కుర్రాణ్ని నమ్మారు. చీటీల్లోని అంకెల్ని ఫొటోల్లోకి ఎక్కించే ప్రోగ్రాం చిటికెలో రాసిస్తానన్నాడు. రాశాడు కూడా. కొన్ని రకాల మ్యాపు ఫైళ్లలో రేఖాంశం ముందు రాస్తారు, అక్షాంశం తరవాత. కుర్రాడికి ఆ అలవాటే ఉంది. హైదరాబాదు అక్షాంశం 17.4, రేఖాంశం 78.5. తిరగేసి చూడండి. ఉత్తర ధ్రువానికి దాపున, నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలతారు. మనవడి పుట్టువెంట్రుకలు తీయించిన తిరుమల ఫొటోలు కూడా ఆ దీవులకే వెళ్లిపోయాయి. గుండుతో పిల్లాడు, చుట్టూ ధ్రువపు ఎలుగుబంట్లు. విజయవాడ ఇంకా పైన, మంచు సముద్రంలో పడింది. కనకదుర్గమ్మ మెట్ల మీద మా అక్క చలికి వణకకుండా నవ్వుతూనే ఉంది. ఇక చోటే లేని ఫొటోలకు ప్రోగ్రాం సున్నా, సున్నా అని రాసింది. అవన్నీ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో ఒకే బిందువు మీద కుప్పపడ్డాయి. అక్కడ నేలంటూ లేకపోయినా, ప్రపంచంలోని దారి తప్పిన అంకెలన్నీ అక్కడికే చేరతాయి కనక దానికి నల్ ఐలాండ్ అని హాస్యానికి పేరు పెట్టారు. బావగారు నవ్వలేదు. "సర్కారు భూమిలో కూడా ఇంత ఆక్రమణ చూళ్లేదు" అన్నారు.

గ్రాండ్ కెన్యన్ గొడవ వేరు. అమెరికా వెళ్లినప్పుడు కెమెరా గడియారాన్ని మన టైములోనే ఉంచేశారు. తిరిగిన దారిని ఫోను రాసుకుంటే, వేళల్ని సరిపోల్చి ఫొటోలకు చోటు పెట్టే ఏర్పాటు ఒకటుంది. ఆరిజోనాకూ మనకూ పన్నెండున్నర గంటల తేడా. పగలు పదకొండింటికి లోయ అంచున తీసిన ఫొటోకు కెమెరా రాత్రి పదకొండున్నర అని రాసింది. ఆ వేళకు వీళ్లు మోటెల్‌లో నిద్రపోతున్నారు. దాంతో గ్రాండ్ కెన్యన్ మొత్తం మోటెల్ గదిలోకి వచ్చేసింది. అక్క ఇప్పటికీ ఆ ఫొటోలు చూపిస్తూ "మా గది చాలా పెద్దది" అంటుంది.

నవ్వకూడని సందర్భం కూడా ఒకటుంది. ఉద్యోగం కొత్తలో బావగారు దేవీపట్నంలో కొన్నాళ్లు పనిచేశారు. అప్పటి వీధుల ఫొటోలు, అరుగుల మీద మనుషులవి, స్కాన్ చేసి ఒక్కొక్కదానికీ జ్ఞాపకం మీద చుక్క పెట్టారు. పోలవరం పనులతో అక్కడికి గోదావరి వచ్చేసింది. జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. ఉపగ్రహ చిత్రం మీద చూస్తే ఆ చుక్కలు నీళ్లలో కనిపిస్తాయి. పక్క ఫ్లాట్ కుర్రాడు ఉత్సాహంగా, "అంకుల్, ఇవి నదిలో పడ్డాయి, ఒడ్డుకు జరపనా?" అన్నాడు. "నీళ్లొచ్చాయి నాయనా. చోటు ఎక్కడికీ పోలేదు" అన్నారాయన. ఆ మాట విని ఆయన చేసినవన్నీ క్షమించేశాను. ఆ తరవాత మా గృహప్రవేశానికి వచ్చి, వంటింట్లో జీపీఎస్ సరిగ్గా అందడం లేదు, పాలు పొంగించే పొయ్యిని బాల్కనీలోకి జరపమన్నారు. క్షమాపణ అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను.

ఇప్పుడాయన డిజీక్యామ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేరుకు మారుతున్నారు. చెప్పి పెడితే ఫొటో లోపలే రాస్తుందని దాని మీద గురి కుదిరింది. ఈసారి ఏ కుర్రాణ్నీ నమ్మడం లేదు. ముందు నకళ్ల మీద పరీక్ష. అందుకు కొన్ని కొలత ఫొటోలు ఏరి పెట్టుకున్నారు: మన ఊరిది ఒకటి, పడమటి రేఖాంశం కోసం అమెరికాది ఒకటి, దక్షిణ అక్షాంశం కోసం సిడ్నీది ఒకటి, స్కాన్ ఒకటి, చోటే లేనిది ఒకటి, వీడియో ఒకటి. వీడియోలో చోటు రాసే అర వేరుగా ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలట. చివర్న ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో తనిఖీ. ఫిల్ హార్వే అనే కెనడా ఆయన 2003 నుంచీ దాన్ని అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. బావగారు ఆయన్ని "హార్వేగారు" అంటారు. మా నాన్నను కూడా ఏనాడూ అంత భక్తిగా తలవలేదు.

మీ మీద వ్యాసం రాస్తున్నాను, మీ ఫొటో కూడా వేస్తారట అని నిన్న చెప్పాను. మనిషి మెరిసిపోయారు.

"ఏవోయ్, డాక్యుమెంటుగానే పంపు. టిక్కు మరిచిపోకు."

"అచ్చులో లొకేషన్ ఎలా నిలుస్తుంది బావగారూ?"

"ఫొటో కింద వేయించు. అక్షాంశం ముందు, రేఖాంశం తరవాత."

"సంపాదకులు ఒప్పుకోరు."

"అయితే ఫొటో దేనికి? నేనెలా ఉంటానో చుట్టాలందరికీ తెలుసుగా."

వంటింట్లోంచి అక్క అందుకుంది. "ఎక్కడుంటారో కూడా తెలుసు, ఆ కంప్యూటరు ముందే. అన్నం చల్లారిపోతోంది, లేవండి."