తొమ్మిది నందుల సీమకు రెండు బెజ్జాల ల్యాప్‌టాపు

భారత ప్రమాణాల సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,

ఆళ్లగడ్డలో జిరాక్సు, ఆన్‌లైన్ సెంటరు నడుపుకునే ఒకడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా, మా నంద్యాల చుట్టూ నందులు తొమ్మిది. మా ఊరి పక్క అహోబిలంలో నారసింహులూ తొమ్మిది మందే. మొన్న నంద్యాలలో నేను కొన్న ల్యాప్‌టాపుకు మాత్రం బెజ్జాలు రెండు. రెండూ సి పిన్నువే. "లేటెస్ట్ మోడల్ సార్, ఎంత సన్నగుందో చూడండి" అన్నాడు షాపబ్బాయి. చూశాను, సన్నగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఈ-కేవైసీకి ఒక పెద్దాయన వచ్చాడు. నా వేలిముద్ర మిషనుకు ఉన్నది పాత వెడల్పు యూఎస్‌బీ పిన్ను. ఆయన బొటనవేలు తువ్వాలకు తుడుచుకుని గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. నేను ల్యాప్‌టాపును అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"ఏమైంది నాయనా, కరెంటు లేదా?"

"కరెంటుంది పెద్దాయనా. బెజ్జం లేదు."

ఆ వెనకే టెండరు వేయడానికి కాంట్రాక్టరొకాయన డిజిటల్ సంతకం డాంగిల్‌తో దిగాడు. అదీ వెడల్పు పిన్నే. ఇక లాభం లేదని బస్సెక్కి నంద్యాల పోయి హబ్బు కొనుక్కొచ్చా. ఇప్పుడు నా టేబుల్ మీద మేక పొదుగుకు పిల్లలు వేలాడినట్టు వైర్లు వేలాడుతున్నాయి. సన్నదనం కోసం డబ్బు పోశాను కదా, ఈ లావుకు కూడా నేనే కట్టాను.

అసలు తంటా వేరే ఉంది. ఒక బెజ్జంలో హబ్బు పెడితే టీవీలో బొమ్మొస్తుంది, రెండోదాంట్లో పెడితే రాదు. చూడ్డానికి రెండూ కవలలే, పక్కన గుర్తేమీ లేదు. మా ఊరి శిల్పులు నారసింహుణ్ణి చెక్కితే, అది జ్వాలో యోగానందో చూడగానే తెలుస్తుంది.

2023 జనవరిలో మీరు టైప్-సికి భారత ప్రమాణం ప్రకటించారు. మంచిదే, నా సొరుగులో ఛార్జర్ల కట్ట చూస్తే ఎవరైనా ఆ మాటే అంటారు. అన్నిటికీ ఒకే ఛార్జరు కావాలని అడిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఒకే ఛార్జరు అడిగితే మిగతా బెజ్జాలన్నీ పూడ్చేయమని కాదు కదా! 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో టైప్-సి తప్ప తక్కిన పోర్టులన్నీ దాదాపు తీసేసిన యాపిల్ సైతం, 2021లో హెచ్‌డీఎంఐనీ మెమరీ కార్డు స్లాటునూ తిరిగి తెచ్చింది. అంత పెద్ద కంపెనీయే వెనక్కి తిరిగింది, తక్కినవాళ్లకు నామోషీ దేనికి?

తమరిని కోరేది కొంచెమే. ఏ బెజ్జం ఏ పని చేస్తుందో దాని పక్కనే అచ్చు వేయించండి. వెడల్పు పోర్టు ఒక్కటైనా ఉంచమనండి, లేదా కన్వర్టరును డబ్బాలోనే పెట్టి ఇమ్మనండి.

ఆ పెద్దాయన సోమవారం మళ్లీ వస్తానన్నాడు. మూలనున్న పాత డెస్క్‌టాపు దుమ్ము దులిపి పెట్టాను. దానికి వెనక ఆరు, ముందు రెండు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆళ్లగడ్డ, నంద్యాల జిల్లా