నా పేరు చట్టంలో ఉంది

నేను బ్యాటరీతో నడిచే షేవర్‌ని. గడ్డం గీయడం తప్ప మరో విద్య రాదు. మా వంశానికి మూలపురుషుడు 1931లో అమెరికాలో జాకబ్ షిక్ అమ్మకానికి పెట్టిన కరెంటు రేజరు. అంతే అయితే నా కథ ఎవరికీ అక్కర్లేదు. కానీ అమెరికా విమానయాన నిబంధనల్లో 91.21 తీసి చూడండి. మా జాతి పేరు అక్కడ అచ్చయి ఉంది.

ఎయిర్‌లైన్స్ విమానాల్లోనూ, ఐఎఫ్ఆర్ కింద ఎగిరే మరే విమానంలోనూ చేతి ఎలక్ట్రానిక్ పరికరాలు వాడకూడదంటుంది ఆ నిబంధన. ఐఎఫ్ఆర్ అంటే కిటికీలోంచి చూసుకుంటూ కాకుండా, ఎదుటి మీటర్లను నమ్ముకుని ఎగిరే పద్ధతి. మబ్బులో దూరాక పైలట్‌కి అవే కళ్లు. పేరు పెట్టి మినహాయించింది నలుగురినే: వాయిస్ రికార్డరు, వినికిడి యంత్రం, పేస్‌మేకరు, ఆపైన నేను. గుండె ఆడించేవాడి పక్కన గడ్డం గీసేవాడికి పీట! మా పాతతరం వాళ్లు మోగితే పక్కన రేడియో గరగరలాడేదని ఆ చట్టం రాసినవారికి ఎవరూ చెప్పలేదో ఏమో.

నేనుండేది సెస్నా 172 అనే చిన్న విమానంలో, మా యజమాని ఫ్లైట్ బ్యాగులో. నా పక్కనే ఒక ముసలి ఎఫ్ఎం ట్రాన్సిస్టర్. దానిది ఒకటే ఏడుపు: "నేను వినేదాన్నే కదా, నోరెత్తనే! నన్నెందుకు వెలివేశారు?" 1961లో మొట్టమొదట నిషేధం పడింది దాని జాతి మీదే మరి.

నోరెత్తదన్నది అబద్ధం. స్టేషన్ పట్టుకోవాలంటే అది తన లోపల మరో తరంగాన్ని పుట్టించాలి. స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువలో పుట్టిస్తుంది మామూలుగా. పాటల కోసం 100.1 తిప్పారనుకోండి, లోపల 110.8 పుడుతుంది, కొంత బయటికి కారుతుంది. దారి చూపే వీఓఆర్ స్టేషన్లు మాట్లాడేది 108కీ 118కీ మధ్యనే. నేల మీది స్టేషన్ ఎక్కడో దూరాన, ఈ ట్రాన్సిస్టర్ సీటు మీద. పైలట్ ఎదుటి మీటరులో దారి చూపే సూది ఎవరి మాట వినాలి? పైగా తప్పు మాట విన్నానని సూదికి తెలియదు, మబ్బులో ఉన్న పైలట్‌కీ తెలియదు.

తరవాత బ్యాగులోకి టాబ్లెట్ దిగింది. మ్యాపులు, అప్రోచ్ చార్టులు అన్నీ దాని కడుపులోనే. దాని పేరు చట్టంలో లేదు. అయితే చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది: నావిగేషన్‌కీ రేడియోకీ అడ్డు రాదని తేలితే ఏ పరికరమైనా వాడుకోవచ్చు. ఎయిర్‌లైన్‌లో అది తేల్చవలసింది కంపెనీ. మాది లాంటి సొంత విమానంలో పైలటే తేల్చుకోవచ్చు. నాకు ఇది సరిగ్గానే తోస్తుంది. నష్టపోయేవాడికే నిర్ణయం అప్పగిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

మా యజమాని ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు, ఐఎఫ్ఆర్ ఊసే లేకుండా పైకి లేచాడు. టాబ్లెట్ ఆన్ చేసి అక్కడా ఇక్కడా పెట్టి, ఒక్కొక్క రేడియో తిప్పి, సూదుల వంక చూశాడు. టాబ్లెట్ నిర్దోషి. దొంగ ఎవరంటే లైటర్ సాకెట్‌లో గుచ్చిన చవక చార్జరు! అది పెట్టగానే హెడ్‌సెట్‌లో బుస్సుమని మోత, పీకగానే నిశ్శబ్దం. ఇక టాబ్లెట్ కవర్లోని అయస్కాంతం కంపాస్‌ని తన వైపు లాక్కుంది. చార్జరు చెత్తబుట్టకు, టాబ్లెట్ కంపాస్‌కి దూరంగా మోకాలి మీదికి వెళ్లాయి.

సెల్‌ఫోన్ల గొడవ వేరు. గాల్లో వాటి మాటలు నేల మీది టవర్లను కంగాళీ చేస్తాయని అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ విడిగా నిషేధం పెట్టింది. 2013 అక్టోబరు 31న విమానయాన నియంత్రణ సంస్థ ప్రయాణికుల పరికరాలను గేటు నుంచి గేటు దాకా వాడనిచ్చే వెసులుబాటు ప్రకటించినప్పుడూ ఫోన్లను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచమన్నారు.

నన్ను మాత్రం ఎవరూ పరీక్షించలేదు, అక్కర్లేదు కూడా. దిగగానే మీటింగ్ ఉన్న రోజుల్లో ఆటోపైలట్ మీద వదిలి మా యజమాని నన్ను బయటికి తీసేవాడు. ఈ మధ్య ఆయన గడ్డం పెంచుతున్నాడు.