గెలవాలి గానీ, చెమట పట్టాలి

యాడికిలో కాపురం ఉండేవాళ్లకు ఒక సుఖం ఉంది. మాది పంచాయతీ. బస్సెక్కి దిగితే తాడిపత్రి, అది మున్సిపాలిటీ. నియోజకవర్గం మాత్రం ఒకటే. రాజకీయాల్లో విలువలు బతికే ఉన్నాయని పేపర్లో వచ్చిన రోజు "చూడప్పా, మా నియోజకవర్గం" అంటాం. విలువలు మంటగలిసినాయని వచ్చిన రోజు "అది తాడిపత్రి టౌన్లో లేప్పా, మనకేం సంబంధం" అంటాం. కోనుప్పలపాడు గుహల తర్వాత మా మండలానికి దేవుడిచ్చిన రెండో వరం ఈ సదుపాయమే.

ఈ సదుపాయాన్ని నాకంటే బాగా వాడుకునేవాడు ఒకడున్నాడు. వరసకు మేనల్లుడు. రేషన్ కార్డు యాడికిలో, బండల పాలిష్ ఫ్యాక్టరీ తాడిపత్రిలో. ఎన్నికల మాట వినపడితే చాలు, ఇక్కడ సర్పంచ్‌గా నిలబడాలా, అక్కడ కౌన్సిలర్‌గా నిలబడాలా అని వాడికి నిద్ర పట్టదు. నేను రిటైరైన తెలుగు పంతుల్ని కాబట్టి పాంప్లెట్ రాసే బాధ్యత నా మీద పడింది.

"అభివృద్ధి గురించి అందరూ రాస్తారు మామా. మనం నీతి గురించి రాద్దాం. ఇప్పుడు దానికి మార్కెట్ ఉండాది" అన్నాడు ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ తుంచుకుంటూ.

సరే, ఒక్కొక్క అంశం మీద నీ అభిప్రాయం చెప్పు, రాసుకుంటానన్నాను. అట్లా ఒక స్థానిక అభ్యర్థి మనసులోని నీతిశాస్త్రం మొత్తం నా నోటుబుక్కులోకి వచ్చింది.

మొదటి అంశం నివాసం. సర్పంచ్‌గా గెలిచినవాడు ఆ ఊళ్లోనే కాపురం ఉండాలని 2020లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించారు. ఆ సంగతి గుర్తు చేశాను. "ఉంటా మామా, ఎందుకుండను? పగలంతా ప్రజల మధ్యనే ఉంటా. రాత్రి నిద్ర ఒక్కటే తాడిపత్రిలో" అన్నాడు. "ప్రజల మధ్య పగలంతా" అని రాసుకున్నాను. అబద్ధం లేదు గదా.

రెండోది పన్ను. పంచాయతీకి బకాయి పడి, నోటీసు అందినా కట్టనివాడు పోటీకి పనికిరాడు. చట్టం అభ్యర్థి నీతిని కొలిచే గజాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. నామినేషన్ల వారంలో మన పల్లెల్లో ఏ పంచాయతీ ఆఫీసుకైనా పోయి చూడండి. ఐదేళ్లు బిల్లు కలెక్టర్ కనపడితే పెరటి గుమ్మం గుండా జారుకున్న పెద్దమనుషులు ఆ వారం ఆయన్ను "సార్" అంటారు. కుర్చీ తుడిచి వేస్తారు. టీ తెప్పిస్తారు. పాతవీ కొత్తవీ కట్టేసి, రసీదు అంచులు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జేబులో గుండెకు ఆనించుకుంటారు. గెలిచేది ఒక్కడే, పన్ను కట్టేది మాత్రం పోటీలో ఉన్నవాళ్లంతా. ఏటా ఎన్నికలు పెడితే మన పంచాయతీలకు ఆర్థిక సంఘం నిధుల కోసం ఎదురుచూసే అవసరమే ఉండదు. ఎన్నికల మాట వినపడిన మర్నాడే మా వాడూ కట్టినాడు. "ప్రజాధనం పట్ల నిబద్ధత" అని రాశాను.

మూడోది మందు. ఇక్కడ వాడు కొంచెం గంభీరమైనాడు. "నేను ముట్టను మామా. అయితే ముట్టేవాళ్ల మనసు నొప్పించను." ఇంత స్పష్టమైన మద్య విధానం మన ప్రభుత్వాలకు కూడా ఎప్పుడూ లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించి ఉద్యమం లేపితే, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు దాన్ని ఎత్తేశారు. 2019లో జగన్ దశలవారీ నిషేధమన్నారు, ముందుగా అంగళ్లు ప్రభుత్వమే పెట్టింది. 2024 అక్టోబరులో అవి మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికి పోయినాయి. ఈ మధ్యలో మా జిల్లాకు కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దారి తప్పకుండా వచ్చినాయి. తాగేవాడు మాత్రం ముప్పయ్యేళ్లుగా ఒకే మాట మీద ఉన్నాడు. విధానంలో నిలకడంటే అదీ.

నాలుగోది డబ్బు. 2020లో చట్టం బిగించి, స్థానిక ఎన్నికల్లో డబ్బు, మద్యం పంచి దొరికితే అనర్హత, మూడేళ్ల దాకా జైలు అన్నారు. ఫిర్యాదులకు "నిఘా" అని ఒక యాప్ కూడా తెచ్చారు. "ఓటు కొనడం తప్పే మామా" అన్నాడు మా వాడు వెంటనే. ఆ "మామా" తర్వాత ఒక "అయితే" వస్తుందని తెలుసు కాబట్టి పెన్ను ఎత్తి పట్టుకున్నాను. "అయితే పోయినసారి ఇచ్చి ఈసారి ఇయ్యకపోతే మాట తప్పినట్టు గదా."

నవ్వొచ్చింది గానీ, తప్పు పట్టడానికి ధైర్యం చాలలేదు. 2021 అక్టోబరులో తెలంగాణలో హుజూరాబాద్ ఉప ఎన్నిక జరిగింది. కవర్లలో డబ్బు పంచుతున్నారని వార్తలు వచ్చినాయి. అక్కడితో ఆగలేదు, మాకు కవరు అందలేదని జనం రోడ్డెక్కి నిలదీశారు. పంచడం అన్యాయమని కాదు, పంపకంలో అన్యాయం జరిగిందని! రేషన్ బియ్యం తూకంలో తేడా వస్తే అడిగేటప్పుడు ఎంత నిజాయితీ ఉంటుందో ఆ గొంతుల్లో అంత నిజాయితీ ఉంది. వాళ్ల ముందు మా వాడి నీతి ఏపాటిది? నోటుబుక్కులో "ఇచ్చిన మాట తప్పని మనిషి" అని రాశాను. రాసినాక చూసుకుంటే అదీ అబద్ధం కాదు.

ఐదోది పిల్లలు. పాంప్లెట్ ఇక్కడ చిక్కుపడింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, 1995 మే నెలాఖరు తర్వాత మూడో బిడ్డ పుడితే ఆ మనిషి పోటీకి అనర్హుడయ్యేవాడు. మున్సిపాలిటీలకూ ఇదే నియమం ఉండేది. దాదాపు ముప్పయ్యేళ్లు మన ఊళ్లలో కుర్చీకి, ఉయ్యాలకు పడలేదు. మూడో బిడ్డను తమ్ముడి ఖాతాలో రాయించినవాళ్లున్నారని, దత్తత కాగితాలు పుట్టించినవాళ్లున్నారని కథలు వినని ఊరు లేదు. నామినేషన్ల పరిశీలన రోజు ప్రత్యర్థులు బడి రిజిస్టర్లు తిరగేసేవాళ్లు. సొంత పిల్లోడి పుట్టినరోజు మరిచిపోయే మొగోళ్లకు ఎదుటివాడి మూడో పిల్లోడి పుట్టిన తేదీ కంఠతా వచ్చేది.

2024 అక్టోబరులో కథ అడ్డం తిరిగింది. జనాభా తగ్గిపోతోందని, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హులయ్యేట్టు చట్టం తేవాలని చంద్రబాబు అన్నారు. నవంబరులో అసెంబ్లీ ఆ పాత నిబంధనను ఎత్తేసింది. ఇద్దరితో ఆపి ఇన్నేళ్లు ఆదర్శపురుషుడిగా తిరిగిన మా మేనల్లుడు ఒక్క నెలలో మామూలు మనిషైపోయినాడు.

"ఇప్పుడేమని రాస్తావ్ మామా?"

ఆలోచించి రాశాను: "ఇద్దరు పిల్లల తండ్రి. ప్రజల అవసరం కోసం దేనికైనా సిద్ధం."

వాడి భార్య కాఫీ ఇస్తూ నోటుబుక్కులోకి తొంగి చూసింది. ఏమీ అనలేదు. పెన్ను తీసుకొని రెండో వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి వంటింట్లోకి పోయింది.

ఆరో అంశం ఆమె లేనప్పుడు అడగాల్సింది, ఉన్నప్పుడే అడిగాను. స్థానిక సంస్థల్లో సగం పదవులు ఆడవాళ్లవి. నీ సీటు మహిళకు రిజర్వ్ అయితే? వాడు తడుముకోలేదు. "మా ఆమె నిలబడుతుంది, నేను కూర్చుంటా."

వంటింట్లోంచి గిన్నె చప్పుడు వినపడింది. "కూర్చో, బాగా కూర్చో. ఇల్లు నా పేరున ఉండాది. పన్ను రసీదూ నా పేరునే వచ్చింది. ఆ కవర్లో పెట్టుకొని తిరుగుతాండేది ఎవరి నీతో ఒకసారి చూసుకో" అంది. మేనల్లుడు జేబు తడుముకున్నాడు. మొత్తం సంభాషణలో నీతి గురించి సరిగ్గా మాట్లాడింది ఆమె ఒక్కతే అని నా అభిప్రాయం. ఆమె మాత్రం పోటీ చేయనంటుంది. తెలివి ఉన్నవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే.

ఏడోది ఏకగ్రీవం. "ఊరంతా ఒకే మాట మీదుంటే అంతకంటే నీతి ఏముంటుంది మామా?" అన్నాడు. వినడానికి రామరాజ్యమే. 2021 పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊరికి ప్రభుత్వం నజరానా కూడా పెట్టింది, పదివేల జనాభా దాటిన పంచాయతీకైతే 20 లక్షలు. కొన్ని పల్లెల్లో గుడికి ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే పదవి అని రచ్చబండ దగ్గర వేలం పాడతారు. దేవుడి పేరున జరుగుతుంది కాబట్టి దాన్ని కొనుగోలు అనరు, మొక్కు అంటారు. అదే ఏడాది మార్చిలో మున్సిపల్ ఎన్నికలొస్తే పుంగనూరు, పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాల్లో అన్ని వార్డులూ ఏకగ్రీవం. ఒక్కరికి కూడా పోటీ చేయాలనిపించలేదంటే, ఆ ఊళ్లలో నీటి కుళాయి దగ్గర కూడా తగాదాలు ఉండవేమో అనుకున్నాను. మన దేశంలో ఇద్దరు అన్నదమ్ములు గట్టు మీద ఏకాభిప్రాయానికి రారు. నాలుగు పట్టణాలు వచ్చినాయి.

"మరి మన తాడిపత్రిలో ఎందుకు కాలేదు?" అన్నాను.

వాడు గర్వంగా ఛాతీ విరిచాడు. ఇది "మా నియోజకవర్గం" అనుకునే రోజన్నమాట.

ఆ మార్చిలో తాడిపత్రి లెక్క రాష్ట్రమంతా చూసింది. 36 వార్డులు. తెలుగుదేశానికి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, స్వతంత్రుడికి ఒకటి. దానికి తోడు ఎమ్మెల్యే, ఎంపీలకుండే ఎక్స్ అఫీషియో ఓట్లు. ఒక్క కౌన్సిలర్‌కు జలుబు చేసినా ఛైర్మన్ మారిపోయే పరిస్థితి. మార్చి 18న తెలుగుదేశం నాయకుడు జేసీ ప్రభాకర్ రెడ్డి ఛైర్మన్ అయ్యారు. ఆ మార్చి ఎన్నికల్లో రాష్ట్రంలో తెలుగుదేశానికి దక్కిన మున్సిపాలిటీ అదొక్కటే. అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. గెలిచిన ఛైర్మన్ అప్పటి ముఖ్యమంత్రి జగన్‌కు కృతజ్ఞతలు చెప్పారు. ఆయన విలువలు పాటించారు కాబట్టే తాను ఛైర్మన్ కాగలిగానన్నారు. బద్ధశత్రువుల్లాంటి పార్టీలు! ఆ పొద్దు మా టీ అంగడి దగ్గర ఇరుపక్షాలవాళ్లూ గ్లాసులు పట్టుకొని ఏమనాలో తెలియక నిలబడిపోయారు. తిట్టడానికి సిద్ధమై వచ్చినవాడికి మెచ్చుకోలు ఎదురైతే నోరు ఎండిపోతుంది.

పట్టణ పాలనలో నీతి అంటే ఏమిటో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. అడ్డుపడే శక్తి ఉన్నవాడు అడ్డుపడకపోతే అదే నీతి. అంతకంటే ఎక్కువ మనమూ ఆశించడం లేదు, వాళ్లూ ఇవ్వడం లేదు.

ఆ నీతికి కూడా వేసవి వరకే వారంటీ. ఆగస్టులో ఛైర్మన్ సమీక్షకు పిలిస్తే కమిషనర్, సిబ్బంది రాలేదు. అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్యే కార్యక్రమానికి పోయినారు. ప్రభాకర్ రెడ్డి ఆఫీసులోనే కూర్చున్నారు, రాత్రి అక్కడే పడుకున్నారు. తర్వాత వచ్చిన అధికారులకు వంగి వంగి దండాలు పెట్టారు. కోపంతో కేకలేసే నాయకులను చూసి చూసి మొద్దుబారిన ఉద్యోగులు, ఆ దండాలకు ఎటు తిరగాలో తెలియక తికమకపడ్డారు. ఒకే ఊరు, ఒకే ఏడాది. మార్చిలో కృతజ్ఞత, ఆగస్టులో దండం. రెండూ చేతులు జోడించే చేసేవి.

నేను దీన్నంతా ఆలోచించి ఒక సిద్ధాంతానికి వచ్చాను. నీతి మనిషిలో ఉండదు, మెజారిటీలో ఉంటుంది. ముప్పయ్యారుకు ముప్పయ్యారూ గెలిచినవాడికి నీతితో పనిలేదు, వాడు ఏది చేస్తే అది తీర్మానం. 18 దగ్గర ఆగినవాడు పొద్దున లేస్తూనే ఒక్కొక్క కౌన్సిలర్‌కు ఫోన్ చేసి వాళ్ల వార్డులో కాలువ పారుతోందా, బోరు పనిచేస్తోందా అని అడగాలి. స్వతంత్ర సభ్యుడి వీధిలో లైటు వెలగకపోతే వాడి గుండె ఆగుతుంది. సభలో ఎదుట పదహారు మంది ఉంటే టెండరు కాగితం మడత విప్పి చదివేవాళ్లు పదహారు మంది ఉన్నట్టు. యాప్‌లు, ఆర్డినెన్సులు, పిల్లల లెక్కలు చేయలేని పనిని ఆ పదహారు కుర్చీలు చేస్తాయి. అభ్యర్థిని "నువ్వు మంచోడివా?" అని అడగడం దండగ. వాడు అవుననే అంటాడు. వాడిని కనిపెట్టి చూసే కన్ను ఎంత దగ్గర్లో ఉందో అదొక్కటి చూసుకుంటే చాలు.

ఇదే సంగతి మా మేనల్లుడికి విడమరిచి చెప్పాను. పాంప్లెట్ పూర్తయింది, చదివి వినిపించాను, కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడన్నాను. "అల్లుడూ, నువ్వు గెలవాల. అది నా ఆశీర్వాదం. అయితే ఒక్క ఓటుతో గెలవాల. లెక్కింపు అయ్యేదాకా నీకు చెమట పట్టాల. అప్పుడే ఐదేళ్లూ ఈ కాగితం మీద రాసినట్టు ఉంటావ్."

వాడు కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకొని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ ఒక్క ఓటు నీదేనా మామా? ఎంతనుకుంటాండావ్?"