వేడిమింద మూత తీయగాకు
(ఒక మెకానిక్ వాక్యానికి టీకా తాత్పర్య సహితం)

అవతారిక

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉండి 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం రాశాడు. ఒకరి మాటను ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పడం ఈ ఊరికి అప్పటినుంచీ ఉన్న అలవాటే. ఆ ధైర్యంతోనే ఈ వ్యాఖ్యకు పూనుకున్నాను. వ్యాఖ్యానించబోయేది కావ్యం కాదు, ఒకే ఒక్క వాక్యం. కర్త పుంగనూరు రోడ్డు పక్కన చింతచెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్. కాలం ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం. కుప్పంలో పెళ్లికని బయల్దేరిన నా పాత కారు బానెట్ సందుల్లోంచి పొగలు కక్కింది. నేను చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాను. అప్పుడాయన పానా చేతబట్టుకునే పరిగెత్తుకొచ్చి పలికినది ఇది.

మూలం

"అన్నా, వేడిమింద మూత తీయగాకు. సల్లారినాక కూలంటు పొయ్యి. బోరునీళ్లు మాత్రం పొయ్యగాకు."

పాఠాంతరం

'కూలంటు' అన్నచోట కొన్ని షెడ్లలో 'కూలింగ్ ఆయిల్' అని పాఠం. అది గ్రాహ్యం కాదు. ఇందులో నూనె చుక్క కూడా లేదు. నీళ్లు, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని మందులు కలిసిన ద్రవమిది. పచ్చ, ఎరుపు, గులాబీ అని రంగుభేదాలున్నాయి గానీ రంగు చూసి జాతి చెప్పరాదు. కంపెనీకొక రంగు. కారుతో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం.

ప్రతిపదార్థం

అన్నా = ఓ బండిగలవాడా (కర్త నాకన్నా పదేళ్లు పెద్ద; ఈ సీమలో ఈ పిలుపుకు వయసుతో పనిలేదు);
వేడిమింద = ఇంజను కాగి ఉన్నప్పుడు, అనగా మనకు తొందర మితిమీరి ఉన్నప్పుడు;
మూత = రేడియేటర్ మూత, చూపుకు సీసామూత, పనికి ప్రెషర్ కుక్కర్ వెయిటు;
తీయగాకు = తీయవద్దు;
సల్లారినాక = అరగంటకు తక్కువ కాకుండా ఆగి, తాకితే చుర్రుమనని స్థితిలో;
కూలంటు = పైన చెప్పిన ద్రవమును;
పొయ్యి = పోయుము;
బోరునీళ్లు మాత్రం = వెయ్యి అడుగుల కిందినుంచి లాగిన ఉప్పునీళ్లను ఎంతమాత్రమూ;
పొయ్యగాకు = పోయవద్దు.

వ్యాకరణ విశేషం: 'వద్దు' అంటే సలహా. 'గాకు' అంటే చేయి పట్టుకుని ఆపడం. మా తల్లులు ఎండలోకి ఉరికే పిల్లలను 'పోగాకు' అని ఆపేది ఈ మాటతోనే.

తాత్పర్యం

మనం పోయించే పెట్రోలులో స్థూలంగా మూడోవంతు వేడే ఇంజనులో పనిగా మారుతుంది. ఇంకో మూడోవంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలింది ఇంజను లోహానికి ఎక్కుతుంది. సిలిండర్‌లో మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ అల్యూమినియంది, ఆ లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా కరగడం లేదంటే ఎవరో ఆ వేడిని క్షణం తీరిక లేకుండా మోసుకుపోతున్నారన్నమాట.

ఎలాగంటే హంద్రీ-నీవా ఎత్తిపోతల కాలువను తలచుకోండి. శ్రీశైలం నీళ్లను మల్యాల దగ్గర ఎత్తిపోస్తే, పంపులూ కాలువలూ దాటుకుంటూ పుంగనూరు బ్రాంచి, ఆపైన కుప్పం బ్రాంచి కాలువల్లోకి రావాలి. ఇంజనులోనూ అంతే. వాటర్ పంపు నెడుతుంది, సిలిండర్ల చుట్టూ ఉన్న కాలువల్లో ద్రవం పారుతుంది. థర్మోస్టాట్ అనేది తూము. చాలా కార్లలో 80–90 డిగ్రీల మధ్య తెరుచుకుని ద్రవాన్ని రేడియేటర్‌కు వదులుతుంది. అక్కడ సన్నని గొట్టాల్లో వేడిని గాలికి అప్పగించి మళ్లీ ఇంజనుకు మళ్లుతుంది. తేడా ఒక్కటే: కాలువ నీళ్లు పొలంలో ఇంకిపోతాయి, ఈ నీళ్లు ఇంకకూడదు. పోసినకొద్దీ తగ్గుతున్నాయంటే ఎక్కడో గండి పడినట్టే.

శంకలు – సమాధానాలు

శంక: మదనపల్లె చల్లని ఊరు కదా, ఇక్కడ ఈ భయమెందుకు?
సమాధానం: చల్లన మనిషికే. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. హార్సిలీ కొండ ఎక్కితే 96కే. ఎంత చల్లని ఊరైతే అంత త్వరగా మరగడమే కొండల తిరకాసు. అందుకే మూత. అది లోపల ఒత్తిడి నిలిపి, నీళ్లను 120 డిగ్రీల దరిదాపుల దాకా మరగనివ్వదు. వేడిమింద దాన్ని తిప్పామా, ఒత్తిడి పోతుంది, 110 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహాన కొడతాయి. తువ్వాలు దాన్ని ఆపలేదు.

శంక: కూలంటు నీళ్లకన్నా ఎక్కువ చల్లబరుస్తుందా?
సమాధానం: లేదు. ఇదే ఈ శాస్త్రంలో గూఢార్థం. వేడి మోయడంలో నీళ్లదే పైచేయి. కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 కిలోజౌళ్లు తాగితే, సగంసగం గ్లైకాల్ కలిపినవి 3.4 దగ్గరే ఆగుతాయి. గ్లైకాల్ కలిపేది నీళ్లు త్వరగా మరగకుండా, చలిదేశాల్లోనైతే సున్నాకు 37 డిగ్రీల దిగువదాకా గడ్డకట్టకుండా. కుప్పంలో గడ్డకట్టే బాధ లేదు. ఇక్కడ అసలు మేలు తుప్పుమందులది.

శంక: నీళ్లే మేలైతే బోరునీళ్లకేం?
సమాధానం: నీళ్లు కాచే బిందె అడుగు చూశారా? అదే తెల్లని చెక్కు. నేను ఏడాదిగా రేడియేటర్‌కు పోసినవి ఇంటి బోరునీళ్లే. ఆయన థర్మోస్టాట్ విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఇటుకరంగు బురద, దాని కింద గోటితో గీకినా రాని సున్నపు పొర. తూము తెరుచుకునే చోటే అతుక్కుపోయింది. నేను మారు మాట్లాడలేదు. దారిలో గత్యంతరం లేకపోతే ఇంజను చల్లారాక మంచినీళ్లు పోసి షెడ్డు చేరవచ్చు. అది ఆపద్ధర్మమే, నిత్యకర్మ కాదు.

అలంకారం

'పొయ్యి' అన్నచోట శ్లేష. పోయమనీ అర్థం, నిప్పుండే పొయ్యి అనీ అర్థం. కర్త ఎరిగి వాడాడో లేదో గానీ, ఇంజను పొయ్యే. ఆ మాటకొస్తే ఇంజను నీళ్లను కాస్తుంది, కూలంటు ఇంజనును కాస్తుంది. తెలుగులో రెంటికీ ఒకే క్రియ.

దోషవిచారం

కూలంటు రుచికి తియ్యన, గుణానికి విషం. పాతది కింద కారగానే ఒక ఊరావు మూతి చాపింది. ఆయన 'హై' అని అదిలించి, రెండు చేతులా మన్ను తెచ్చి మడుగుమీద పోసి కాలితో అదిమాడు. జెర్సీకైనా, మూడడుగుల పుంగనూరు పొట్టి ఆవుకైనా, వీధికుక్కకైనా అది విషమే.

ఫలశ్రుతి

నేను కుప్పం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి, ఆఖరి పంక్తి దొరికింది. మదనపల్లె నుంచి టమాటా వేసుకెళ్లే లారీకి అదే ఆలస్యమైతే సరుకే పోతుంది. కాబట్టి ఈ వ్యాఖ్య చదివినవారు రేపు పొద్దున బండి తీసేముందు, ఇంజను చల్లగా ఉండగానే బానెట్ ఎత్తి, రేడియేటర్ పక్కనున్న తెల్లడబ్బాలో ద్రవం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడండి. దారిలో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీతకు పాకితే పక్కకు తీసి ఆపేయండి. ముహూర్తం దాటితే భోజనమైనా దొరుకుతుంది. మూత మాత్రం వేడిమింద తీయగాకండి.