జిమ్మీ స్పియర్స్: ఒక వెండి కప్పు ఆత్మకథ నుంచి

ఇంగ్లండ్‌లో ఏటా జరిగే ఎఫ్.ఎ. కప్ ఫుట్‌బాల్ పోటీ విజేతల కోసం 1911లో బ్రాడ్‌ఫర్డ్ నగరంలో రూపుదిద్దుకున్న వెండి కప్పు తన జీవితాన్ని చెప్పుకోవాలంటే, జిమ్మీ స్పియర్స్ అనే స్కాట్లండ్ ఆటగాడితోనే మొదలుపెట్టవలసి ఉంటుంది. ఎందుకంటే దానిని గెలిచి అందుకున్న మొదటి జట్టు నాయకుడు ఆయనే. ఆ పోటీకి ఇది మూడవ కప్పు. మొదటిది 1895లో బర్మింగ్‌హామ్‌లోని ఒక దుకాణంలో దొంగల పాలైంది. రెండవదానికి మాంచెస్టర్‌లో నకలు తయారైనప్పుడు, ఆ నమూనాపై తమకు చట్టబద్ధమైన హక్కు లేదని ఫుట్‌బాల్ అసోసియేషన్ గ్రహించి, దానిని తమ అధ్యక్షుడు లార్డ్ కిన్నెయిర్డ్‌కు బహూకరించి, 50 గినీల వెలకు కొత్తదాన్ని చేయించింది (గినీ అంటే 21 షిల్లింగులు). ఆ పని దక్కిన ఫాటొరీని సంస్థ, ఇటలీ నుంచి వలస వచ్చి ఉన్ని మిల్లుల నగరమైన బ్రాడ్‌ఫర్డ్‌లో స్థిరపడిన కుటుంబానిది. కప్పు పుట్టిన ఊరి జట్టే దానిని తొలి ఏడాదిలో గెలుచుకోవడం ఎవరూ ఏర్పాటు చేసినది కాదు గనుక, ఈ కప్పు దానిని తన జీవితంలోని గొప్ప అదృష్టంగా నమోదు చేస్తున్నది.

స్పియర్స్ 1886 మార్చి 22న గ్లాస్గోలో, ఓడల నిర్మాణానికి పేరుగన్న గోవన్ ప్రాంతంలో జన్మించి, 1905లో రేంజర్స్ జట్టులో చేరి, 1908లో వేల్స్‌పై జరిగిన పోటీలో స్కాట్లండ్ తరఫున ఆడాడు. ఆయన అంతర్జాతీయ జీవితం ఆ ఒక్క ఆటతోనే ముగిసిందన్నది ఆయన ప్రతిభకు తగిన కొలమానం కాదు. ఆ కాలంలో స్కాట్లండ్ సాధారణంగా ఏడాదికి మూడు ఆటలు మాత్రమే ఆడేది, అందులో చోటు కోసం ఇంగ్లండ్ జట్లలో ఆడుతున్న స్కాట్లండ్ వారితో సహా ఎందరో పోటీపడేవారు. కొద్దికాలం క్లైడ్ జట్టుకు ఆడిన తరువాత, 1909లో ఆయన బ్రాడ్‌ఫర్డ్ సిటీకి వచ్చాడు. 1903లో ఒక రగ్బీ క్లబ్బు ఫుట్‌బాల్‌కు మారడంతో ఏర్పడిన ఆ జట్టు, ఐదేళ్లలోనే మొదటి డివిజన్‌కు ఎదిగింది.

స్పియర్స్ ఆడిన స్థానం ఇన్‌సైడ్ ఫార్వర్డ్. ఇద్దరు బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండే ఆనాటి అమరికలో, అంచున పరుగెత్తే వింగర్‌కూ మధ్యలో నిలిచే సెంటర్ ఫార్వర్డ్‌కూ నడుమ ఉండి, వెనుక నుంచి బంతిని అందుకొని ముందువారికి దారి తెరవడం ఆ స్థానంలోని ఆటగాడి పని. అప్పటి ఆఫ్‌సైడ్ నియమం ప్రకారం, బంతి ముందుకు అందించే క్షణంలో దానిని అందుకోబోయే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి. ఆ సంఖ్య 1925లో గాని రెండుకు తగ్గలేదు. అటువంటి ఇరుకులో దూరపు తన్ను కంటే పొట్టి పాస్ ఎక్కువ విలువైనది, ఆ విద్యలో స్కాట్లండ్ వారు ఇంగ్లండ్‌కు గురువులు. 1911లో ఈ కప్పును గెలిచిన పదకొండు మందిలో ఎనిమిది మంది స్కాట్లండ్ వారే కావడాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

ఫైనల్ ఏప్రిల్ 22న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో దాదాపు 69 వేల మంది ఎదుట, అంతకుముందు ఏడాది విజేత అయిన న్యూకాసిల్ యునైటెడ్‌తో జరిగి, గోల్ లేకుండానే ముగిసింది. పెనాల్టీలతో తేల్చే పద్ధతి అప్పటికి లేదు గనుక, నాలుగు రోజుల తరువాత మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆటను మళ్లీ ఆడించారు. పదిహేనవ నిమిషంలో స్పియర్స్ తలతో పంపిన బంతి, సెంటర్ ఫార్వర్డ్ ఫ్రాంక్ ఒరూర్క్ అడ్డురావడంతో చూపు చెదిరిన గోల్‌కీపర్‌ను దాటి లోపలికి వెళ్లింది. అది సొగసైన గోల్ కాదని అనేవారికి ఈ కప్పు ఇచ్చే సమాధానం ఒక్కటే: మిగిలిన డెబ్బై ఐదు నిమిషాల పాటు న్యూకాసిల్ దాడులను ఆపి ఆ ఒక్క గోల్‌ను నిలబెట్టడమే ఆనాటి అసలు విజయం, అందులో మొదటి ఫైనల్‌లో లేకుండా రెండవదానికి జట్టులోకి వచ్చిన హాఫ్‌బ్యాక్ బాబ్ టారెన్స్ పాత్ర నాయకుడి గోల్‌కు ఏమాత్రం తీసిపోదు.

1912 డిసెంబరులో లీడ్స్ సిటీ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ 1,400 పౌండ్లు చెల్లించి స్పియర్స్‌ను తీసుకున్నాడు. ఆటగాడి వారపు వేతనానికి నాలుగైదు పౌండ్ల పరిమితి ఉన్న రోజుల్లో అది ఒక ఆటగాడి ఐదేళ్ల సంపాదనకు మించిన మొత్తం. తరువాతి కాలంలో 1922లో హడర్స్‌ఫీల్డ్‌కూ, 1930లో ఆర్సెనల్‌కూ ఇదే కప్పును గెలిపించిన చాప్‌మన్ అంచనా ఎంత పదునైనదో ఈ కప్పుకు బాగా తెలుసు. స్పియర్స్ ఆడిన 1913–14లో లీడ్స్ సిటీ రెండవ డివిజన్‌లో 4వ స్థానానికి చేరింది, తన చరిత్రలో అంతకంటే పైకి ఆ క్లబ్బు ఎన్నడూ చేరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా, 1915లో సీజన్ ముగియగానే స్పియర్స్ కామెరాన్ హైలాండర్స్ దళంలో చేరాడు. నిర్బంధ సైనిక సేవా చట్టం అప్పటికి రాలేదు, ఆయన వివాహితుడు, ఇద్దరు పిల్లల తండ్రి. కనుక ఆ నిర్ణయం పూర్తిగా ఆయనదే. అధికారి హోదా లేని సైనికుల ధైర్యానికి గుర్తింపుగా 1916లో నెలకొల్పిన మిలిటరీ మెడల్‌ను పొంది, సార్జెంటుగా ఉన్న స్పియర్స్, 1917 ఆగస్టు 20న బెల్జియంలోని ఈప్ర్ సమీపంలో, పాషెండేల్ యుద్ధంలో మరణించాడు. వయస్సు 31. ఆయన సమాధి అక్కడి డోచీ ఫార్మ్ శ్మశానవాటికలో ఉన్నది. మరుసటి ఏప్రిల్‌లో టారెన్స్ కూడా ఆ యుద్ధరంగంలోనే హతుడయ్యాడు. ఆయన దేహం దొరకలేదు.

యుద్ధం కారణంగా, 1915 తరువాత ఈ కప్పు కోసం పోటీ మళ్లీ 1920లో గాని జరగలేదు. తరువాతి దశాబ్దాల వాడకంతో అరిగి, 1991 ఫైనల్ అనంతరం ఈ కప్పు విశ్రాంతి పొందగా, 1992 నుంచి దాని నకలు ఆ స్థానంలోకి వచ్చింది. పీఠంపై చెక్కేది గెలిచిన జట్ల పేర్లనే గాని మనుషుల పేర్లను కాదు. 1911కు ఎదురుగా బ్రాడ్‌ఫర్డ్ సిటీ అని మాత్రమే ఉంటుంది. ఆ జట్టు మళ్లీ ఎన్నడూ ఫైనల్‌కు చేరలేదు గనుక, ఈ కప్పు చరిత్రలో బ్రాడ్‌ఫర్డ్ పేరుకున్న అర్థమంతా స్పియర్స్‌లోనూ ఆయనతో పాటు ఆడినవారిలోనూ ఉన్నది.