మా రోజుల్లో మునిగిన బ్యాంకుకు తలుపైనా ఉండేది

గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంటు కుర్రాళ్లను "మీ డబ్బు ఎక్కడ దాచుకుంటున్నారయ్యా?" అని అడిగి చూడండి. బ్యాంకు పేరు చెప్పేవాడు అరుదు. యాప్ పేరు చెబుతారు. జీతం ఒక యాప్‌లో పడుతుంది, అక్కడి నుంచి ఇంకోదానిలోకి పోతుంది, మూడోదానిలో ఏదో మంచి వడ్డీ వస్తుందట. ఆ యాప్ వెనక ఉన్నది బ్యాంకా, ఫైనాన్స్ కంపెనీయా, పరపతి సంఘమా, ఇవేవీ కాని మరొకటా అంటే "ఏమో అంకుల్, మా టీమ్‌లో అందరూ పెట్టారు" అంటారు. ప్రపంచంలోని బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే పిల్లలు వీళ్లు. సొంత కష్టార్జితం ఎవరి చేతిలో ఉందో మాత్రం కనుక్కోరు. నాకు ఒళ్లు మండుతుంది.

నా ఉద్యోగజీవితమంతా స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో గడిచింది. 1941లో నిజాం ప్రభుత్వం పెట్టిన బ్యాంకు అది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిపేశారు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకును కూడా సరిగ్గా మూడేళ్లకు, 2020 ఏప్రిల్ 1న, యూనియన్ బ్యాంకులో కలిపారు. తెలుగువాడు మన బ్యాంకు అని చెప్పుకొన్న రెండు పెద్ద బోర్డులూ అలా దిగిపోయాయి. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

మా కౌంటర్లలో డబ్బు తీయాలంటే ముందు ఇత్తడి టోకెన్ తీసుకోవాలి. విత్‌డ్రాయల్ ఫారం మీది సంతకాన్ని స్పెసిమెన్ కార్డుతో సరిచూసి, లెడ్జర్‌లో పోస్టింగ్ వేసి, ఆఫీసరు పొట్టి సంతకం పెట్టాకే కాగితం క్యాషియర్ దగ్గరికి వెళ్లేది. ఆలస్యమయ్యేది, నిజమే. కానీ పాస్‌బుక్‌లో పది రూపాయలు తేడా వచ్చినా ఖాతాదారు నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లి నిలదీసేవాడు. మేనేజర్ కూర్చోబెట్టి జవాబు చెప్పేవాడు, సాయంత్రం అదే వీధిలో నడిచి ఇంటికి పోవాలి కాబట్టి. ఇప్పుడు నిలదీయడానికి ఎవరున్నారు? ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. ఆ గొంతుకు ఊరూ పేరూ లేవు.

అలాగని మా రోజుల్లో బ్యాంకులు మునగలేదని నేననను. మునిగాయి. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంక్ మూతపడితే దేశమంతా హడలిపోయింది. ఆ దెబ్బతోనే డిపాజిట్లకు బీమా చట్టం వచ్చింది. 1962 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ బీమా తొలి పరిమితి 1,500 రూపాయలు. బ్యాంకు మునిగినా ఆ మేరకు సర్కారు సంస్థ ఇచ్చేస్తుందన్న హామీ అది. తర్వాత సహకార బ్యాంకులకూ వర్తింపజేశారు.

మన దగ్గర అసలు దెబ్బ 2001లో తగిలింది. ఆగస్టులో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు చేతులెత్తేసింది. ఛైర్మన్ దేశం దాటిపోయాడు. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి కోఆపరేటివ్ బ్యాంకులు వరసగా కూలాయి. జంటనగరాల్లో ఏ బస్తీలో చూసినా ఇదే మాట. ఇవి కోటీశ్వరులు డబ్బు దాచుకున్న చోట్లు కావు. చిరువ్యాపారులు, పింఛనుదారులు, కూతురి పెళ్లికి కూడబెట్టుకున్నవాళ్లు, పాతబస్తీలో రోజుకూలీ మీద బతికినవాళ్లు నమ్మి వేసిన సొమ్ము అది. పెద్ద బ్యాంకు గుమ్మం తొక్కడానికి జంకేవాడిని రండి కూర్చోండి అని పిలిచి ఖాతా తెరిచినవి సహకార బ్యాంకులే. అందుకే ఆ ద్రోహం అంత లోతుగా దిగింది.

మా బ్రాంచిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు అంతా మా దగ్గరే ఫిక్స్‌డ్ చేశారు. ఒకరోజు వచ్చి గడువు తీరకముందే రద్దు చేసి ఇమ్మన్నారు. ఎందుకండీ అంటే, ఫలానా కోఆపరేటివ్‌లో రెండు శాతం ఎక్కువ ఇస్తున్నారు, డైరెక్టరు మా వీధివాడే, పిల్లప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు అన్నారు. ఆ బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. వద్దు మాస్టారూ, సగమైనా ఇక్కడ ఉంచండి అని బతిమాలాను. వినలేదు. తర్వాత ఆ బ్యాంకు షట్టరు ముందు జనంలో ఆయన్ని చూశాను. ఎఫ్‌డీ రసీదును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. అటూ ఇటూ తిరిగే ప్రతి పోలీసు కానిస్టేబుల్‌ను "సార్, లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతున్నారు. పాఠాలు చెప్పి వందల మందిని పైకి తెచ్చిన మనిషి అలా అడుక్కోవడం నేను మర్చిపోలేను.

అప్పటి తప్పు ఎక్కడుందో బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు తెలుసు. సహకార బ్యాంకుకు అప్పట్లో ఇద్దరు యజమానులు. లైసెన్సు రిజర్వు బ్యాంకుది, పాలకవర్గం మీద పెత్తనం సహకార శాఖ రిజిస్ట్రార్‌ది. రిజర్వు బ్యాంకు తనిఖీలో తప్పు రాసినా, బోర్డును దింపాలంటే రిజిస్ట్రార్ కదలాల్సి వచ్చేది. రిజిస్ట్రార్ మీద రాజకీయం ఉండేది. ఆ సందులోంచి డైరెక్టర్లు తమకూ, తమవాళ్లకూ, బినామీ పేర్లకూ అప్పులు రాసుకునేవాళ్లు. డైరెక్టర్లకూ వాళ్ల బంధువులకూ అప్పులివ్వకూడదని రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పింది 2003లో. గుర్రాలు పోయాక లాయానికి తాళం వేశారు. ఇద్దరు యజమానుల పద్ధతిని సరిచేసే చట్టసవరణకు 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక లిక్విడేషన్ సంగతి. లైసెన్సు రద్దయితే రిజిస్ట్రార్ లిక్విడేటర్‌ను నియమిస్తాడు. ఆయన ఖాతాలన్నీ తిరగేసి, ఎవరికి ఎంత రావాలో జాబితా కట్టి, బీమా సంస్థకు పంపాలి. ఒక మనిషికి ఆ బ్యాంకులో ఎన్ని బ్రాంచుల్లో ఎన్ని ఖాతాలున్నా, ఒకే హోదాలో ఉన్నవన్నీ కలిపి ఒకటిగానే లెక్కిస్తారు. అసలూ వడ్డీ కలిసే ఆ పరిమితి. అంతకుమించి ఉన్నదానికి, లిక్విడేటర్ బాకీలు వసూలు చేసి, ఆస్తులు అమ్మి, బీమా సంస్థ ఇచ్చింది ముందు దానికి తిరిగి కట్టి, మిగిలితే పంచాలి. బినామీకి ఇచ్చిన అప్పు ఎక్కడ వసూలవుతుంది? రసీదు అసలు ప్రతి తెమ్మంటారు, గుర్తింపు కాగితం తెమ్మంటారు, ఖాతాదారు పోతే వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటారు. మాస్టారు పోయాక ఆ కాగితాలు పట్టుకొని ఆయన భార్య తిరిగింది.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు, 1994లో తళతళలాడుతూ వచ్చిన కొత్త తరం బ్యాంకు, అదీ కూలింది. 2004 జులై 24, శనివారం నాడు మారటోరియం పెట్టారు, పదివేలకు మించి తీయడానికి లేదన్నారు. ఆగస్టు 14 కల్లా దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. వాటాదారులు మునిగారు గానీ డిపాజిటర్లకు పైసా పోలేదు. మూడు వారాల్లో ముగిసింది. అదే ఊళ్లో, అదే కాలంలో, కోఆపరేటివ్‌లో వేసిన పింఛనుదారు ఏళ్లతరబడి లిక్విడేటర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. పెద్ద బ్యాంకు కూలితే దేశానికి దడ, చిన్న బ్యాంకు కూలితే బస్తీకి దడ. బస్తీ గోడు ఢిల్లీకి వినపడలేదు.

బీమా పరిమితి మాట కూడా చెప్పాలి. 1993 మే 1న లక్ష చేశారు. అప్పుడు ఆ లక్షకు ఇరవై తులాల పైన బంగారం వచ్చేది. 2019 సెప్టెంబరులో ముంబయి పీఎంసీ బ్యాంకు ఖాతాదారులను మొదట వెయ్యి రూపాయలకు మించి తీయొద్దని కట్టేసినప్పుడు కూడా పరిమితి ఆ లక్షే. అది అయిదు లక్షలైంది 2020 ఫిబ్రవరి 4న. ఆ నాటికి లక్ష పట్టుకెళితే రెండున్నర తులాలు కూడా వచ్చేవి కావు. ఇరవై ఆరేళ్లు పైచిలుకు ఒకే అంకె దగ్గర నిలబెట్టి జనాన్ని ఎలా వదిలేశారో అర్థం కాదు. మా మాస్టారి లాంటివాళ్లకు ఆ అయిదు లక్షలు అప్పుడే ఉండి ఉంటే చాలామంది గట్టెక్కేవాళ్లు.

ఇప్పటి మంచిని కూడా ఒప్పుకోవాలి. 2021 సెప్టెంబరు నుంచి కొత్త నియమం వచ్చింది. రిజర్వు బ్యాంకు ఏ బ్యాంకు మీదైనా ఆంక్షలు పెడితే, లిక్విడేషన్ దాకా ఆగకుండా, బీమా సొమ్ము తొంభై రోజుల్లో అందాలి. 2024 నవంబరులో విజయవాడ దుర్గా కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయినప్పుడు నూటికి 95 మందికి పైగా డిపాజిటర్లకు మొత్తం సొమ్ము బీమా కింద వస్తుందని రిజర్వు బ్యాంకే చెప్పింది. 2001లో ఈ మాట వినడానికి ఎంతమంది నోచుకోలేదో.

మరి ఇంత రక్షణ వచ్చిన కాలంలో మన వాళ్లు ఏం చేస్తున్నారు? ఆ గొడుగు కిందనుంచి నడిచి బయటికి పోతున్నారు. ఇక్కడికి దగ్గర్లోనే, హైటెక్ సిటీలో, ఫాల్కన్ అనే సంస్థ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ పేరుతో యాప్ పెట్టింది. పెద్ద కంపెనీల బిల్లుల మీద మీ డబ్బు తిప్పి 11 నుంచి 22 శాతం దాకా ఇస్తామంది. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం దాదాపు ఏడు వేల మందికి 850 కోట్ల రూపాయలు రావాలి. సంస్థ పెద్ద దేశం దాటాడు. కృషి ఛైర్మన్ చేసిందీ అదే. ఈడీ తర్వాత శంషాబాద్‌లో అతని చిన్న విమానాన్ని పట్టుకుంది. విమానం కొనే డబ్బు ఎవరిది?

తేడా ఎక్కడో చూడండి. కృషి బ్యాంకు మునిగినప్పుడు దానికి రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉంది, రిజిస్ట్రార్ ఉన్నాడు, లిక్విడేటర్ వచ్చాడు. జనం వెళ్లి తట్టడానికి ఒక తలుపు, నిలబడడానికి ఒక రోడ్డు ఉన్నాయి. వార్తాపత్రికవాళ్లు ఫొటో తీశారు, అసెంబ్లీ దాకా మాట వెళ్లింది. యాప్ మునిగితే లాగిన్ అవదు, అంతే. బీమా లేదు. మిగిలేది పోలీసు కేసు, 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం, జప్తులు, కోర్టు వాయిదాలు. ఇంజనీరింగు చదివిన కొడుకు మోసపోయానని తండ్రికి చెప్పుకోలేక గదిలో కూర్చుంటాడు. మాస్టారు కనీసం వీధిలో నిలబడి అడిగారు.

వడ్డీ ఎక్కువ అనగానే మా కాలంవాళ్లు "ఎందుకు ఎక్కువ?" అని అడిగేవాళ్లు. అడగనివాళ్లు మునిగారు. ఇప్పుడు అడిగేవాడే తగ్గిపోయాడు. ఊళ్లో అమ్మానాన్నల రిటైర్మెంట్ సొమ్ము కూడా పిల్లలే ఫోన్‌లో తిప్పుతున్నారు, అది నాకు మరీ భయం.

కాబట్టి గచ్చిబౌలిలో ఉన్నా, నల్లగొండలో ఉన్నా, ఈ వారంలో ఒక పని చేయండి. మీ డబ్బు, మీ తల్లిదండ్రుల డబ్బు ఉన్న ప్రతి చోటా పేరు పూర్తిగా రాసుకోండి. అది రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకేనా, డిపాజిట్ బీమా సంస్థ జాబితాలో ఉందా చూసుకోండి. మ్యూచువల్లీ ఎయిడెడ్ సంఘం, పరపతి సంఘం, ఫైనాన్స్ కంపెనీ అయితే ఆ బీమా ఉండదు, పేరులో ఎంత పెద్ద మాటలున్నా సరే. ఒక్క బ్యాంకులో ఒక్కరి పేరు మీద వడ్డీతో కలిపి అయిదు లక్షలు దాటనివ్వకండి. నామినీ పేరు రాయించండి. రసీదు కాగితం మీద తీసి, ఇంట్లో ఇంకొకరికి తెలిసే చోట పెట్టండి.